ఇంటి పన్ను మీద గొడవపడే ముందు టేపు పట్టుకోండి

ఏటా ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి విజయనగరం దాసన్నపేటలో మా ఇంటి అరుగు మీద ఓ చిన్న కచేరీ నడుస్తుంది. నేను ముప్పై రెండేళ్లు మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను వసూలు చేసే బిల్ కలెక్టరుగా చేసి 2019లో రిటైరయ్యాను. పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మూడు ఊళ్లు తిరిగాను. ఏ ఊళ్లో చెప్పను, నా తప్పులు కూడా కొన్ని ఇందులో రాస్తున్నాను మరి. సర్వీసులో ఉన్నప్పుడు నన్ను చూసి లోపల గడియ వేసుకున్న ఇళ్లకు లెక్కలేదు. ఇప్పుడు అదే జనం పన్ను కాగితం పట్టుకుని, "ఏటి మాస్టారూ ఇది, మళ్లీ పెంచీసినారు!" అంటూ వస్తున్నారు.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. కాగితం చేతికివ్వగానే మనిషి మొహం మాడుతుంది, అది మామూలే. కానీ మొదటి ప్రశ్న "ఇంతా?" అని కాదు. "ఎదురింటోడికెంత?" అని. ఎదురింటి మేడకి తనకంటే ఎక్కువ పడిందని తెలిస్తే సగం కోపం అక్కడికక్కడే చల్లారేది. తక్కువ పడిందని తెలిస్తే మాత్రం వంద రూపాయల తేడాకి కూడా రోడ్డు మీదకొచ్చేవారు. అందుకే మా అరుగు మీద పన్ను గొడవలన్నీ 'ఎంత' దగ్గర మొదలుపెట్టను, 'ఎవరికెంత' దగ్గర మొదలుపెడతాను. మీ వీధిలో అలాంటి గొడవ వస్తే ఏం చేయాలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు కాగితం చదవడం

అందరూ కింద ఉన్న మొత్తం చూసి కేకలేస్తారు. మొత్తం చివర్లో చూడండి. ముందు చూడాల్సింది పది అంకెల అసెస్‌మెంట్ నంబరు, యజమాని పేరు, డోర్ నంబరు. చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఇరవై ఏళ్లుగా పన్ను కడుతున్న ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి. పేరు మార్పు చేయించుకోకపోతే రేపు అన్నదమ్ముల పంపకాల్లో ఆ రసీదులు ఎవరికీ అక్కరకు రావు.

డిమాండ్ నోటీసులో ఎంత కట్టాలో మాత్రమే ఉంటుంది. ఎందుకంత కట్టాలో తెలియాలంటే పన్ను వేసినప్పుడు ఇచ్చే స్పెషల్ నోటీసు కావాలి. కట్టిన వైశాల్యం, కట్టడం రకం (శ్లాబా, రేకులా, పెంకులా), వాడకం (కాపురమా, వ్యాపారమా) అందులో ఉంటాయి. అది పోయిందంటే వార్డు సచివాలయంలో అడగండి. "ఇవ్వరండీ" అని ఇంట్లో కూర్చునే ముందు ఒకసారి కాగితం మీద రాసి అడగండి.

ఇప్పుడు లెక్క. పూర్వం మన ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద వేసేవారు. కాపురం ఇళ్లకి దాన్ని సవరించింది 2002లో, దుకాణాలకి 2007లో. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద వేయడం మొదలుపెట్టారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీ స్థలానికీ కట్టడానికీ ఉన్న విలువే ఆధారం. కాపురం ఇళ్లకి దానిలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, వ్యాపారానికి 0.20 నుంచి 2 శాతం మధ్య ఎక్కడో ఒకచోట రేటు పెట్టుకోవచ్చు. 375 చదరపు అడుగులు మించని చిన్న ఇంట్లో యజమానే ఉంటే ఏడాదికి 50 రూపాయలు.

పందొమ్మిదేళ్లు సవరించనిది ఒక్కసారిగా వేస్తే జనం ఊరుకోరు కదా. అందుకని ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పెట్టారు. అసలు తిరకాసు ఇక్కడుంది. ఉదాహరణకి మీ ఆస్తి విలువ 25 లక్షలు, రేటు 0.12 శాతం అనుకోండి. పన్ను 3,000 రావాలి. పాత పన్ను 1,400. మొదటి ఏడు 1,610 వస్తుంది, తర్వాత 1,851, ఆపైన 2,129, 2,449, 2,816. ఆరో ఏటికి గానీ 3,000 దగ్గర ఆగదు. పెంచింది ఒక్కసారే, కానీ కాగితం ప్రతి ఏడూ కొత్తగా కొడుతుంది. జనం ప్రతి ఏడూ ఎవరో కొత్తగా పెంచారనుకుని కనిపించినవాళ్లని తిడతారు. మీ పన్ను ఆ మెట్లలో ఎక్కడుందో ఓ కాగితం మీద వేసుకుంటే ఇంకా ఎన్నేళ్లు పెరుగుతుందో మీకే తెలుస్తుంది. మా వీధిలో ఈ లెక్క చూపించాక తిట్లేమీ ఆగలేదు. తిట్టే దిక్కు మాత్రం మారింది.

మొత్తంలో కలిసి ఉండే చిన్నాచితకా కూడా చూడండి. గ్రంథాలయ సెస్సు ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకి పోవాల్సిన డబ్బు. "మేం లైబ్రరీకి వెళ్లం, మాకెందుకు?" అని నాతో వాదించిన పెద్దమనిషి ఒకాయన రోజూ పొద్దున్న అదే లైబ్రరీలో మూడు పేపర్లు చదివేవాడు. అనుమతి లేకుండా కట్టారంటూ జరిమానా వేశారా అన్నది కూడా చూడండి. పన్నులో పాతిక శాతం నుంచి నూరు శాతం దాకా అదనంగా పడుతుంది. అది కట్టినంత మాత్రాన ఆ అంతస్తు సక్రమం అయిపోదు. చాలామంది అయిపోయిందనుకుంటున్నారు.

తర్వాత టేపు

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక ఊళ్లో రోడ్డు పక్క పెంకుటిల్లు. భర్త పోయిన ఆవిడ ముందు వరండాలో టీ బడ్డీ పెట్టుకుంది. కొలతలకి వెళ్లిన రోజు ఎండ మాడుస్తోంది, నాకు ఇంకా పద్నాలుగు ఇళ్లున్నాయి. బడ్డీ చూశాను, పుస్తకంలో 'వ్యాపారం' అని రాసేశాను. వరండాకి మాత్రమే రాయాలి, నేను ఇల్లు మొత్తానికి రాశాను. ఆవిడ ఐదేళ్లు నోరెత్తకుండా కట్టింది. గవర్నమెంటు లెక్క తప్పవుతుందని ఆవిడకి తోచలేదు. పక్కింటి కోడలు ఓ రోజు రెండు రసీదులూ పక్కపక్కన పెట్టి చూసి, నా దగ్గరికొచ్చి, "బాబూ, మా మేడ కంటే ఈ పెంకుటింటికి ఎక్కువెలా వచ్చిందో చెప్పండి" అంది. చెప్పలేకపోయాను. అక్కడి నుంచి సరిచేయించాను గానీ, ఐదేళ్లు కట్టిన డబ్బు ఆవిడకి తిరిగి రాలేదు.

అందుకని మీ ఇల్లు మీరే కొలవండి. యాభై అడుగుల టేపు, ఇద్దరు మనుషులు, అరగంట చాలు. బయటి గోడల అంచు నుంచి అంచుకి పొడవు, వెడల్పు. ఒక్కో అంతస్తు విడిగా రాసుకోండి. కొట్టు ఉంటే ఆ గది వరకే విడిగా కొలిచి రాయండి. వ్యాపారం రేటు కాపురం రేటు కంటే ఎక్కువని గుర్తుపెట్టుకోండి. కొట్టు మూసేసి రెండేళ్లయినా ఇంకా వ్యాపారం రేటే కడుతున్నవాళ్లు మూడు లాంతర్ల చుట్టుపక్కల నాకు తెలిసే ఉన్నారు.

తేడా కనిపిస్తే అర్జీ. గడువు స్పెషల్ నోటీసులోనే రాసి ఉంటుంది, అది దాటనివ్వకండి. అర్జీలో కష్టాలు రాయకండి. "నేను పేదవాడిని, కనికరించగలరు" అని రాసిన అర్జీలు కట్టలు కట్టలు చూశాను. చదివే అధికారికి జాలేసినా దాంతో చేయగలిగిందేమీ ఉండదు. ఇలా రాయండి:

"కమిషనర్ గారికి, అసెస్‌మెంట్ నంబరు ఫలానా. నోటీసులో కట్టిన వైశాల్యం 1,150 చదరపు అడుగులు అని ఉంది. మేము కొలిస్తే 940 వచ్చింది. కొలతల చిత్తు పటం, ప్లాను కాపీ, కరెంటు బిల్లు జతపరిచాను. దయచేసి మా సమక్షంలో తిరిగి కొలిపించి పన్ను సవరించవలసిందిగా కోరుతున్నాను."

అంతే. 'మా సమక్షంలో' అన్న రెండు మాటలు మర్చిపోకండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. నెల దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఆ స్టాంపు కాపీ పెట్టండి. శ్రీకాకుళంలో ఉన్న మా వియ్యంకుడికి అదే దిక్కు. 2014లో, 2021లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినా వాళ్ల ఊళ్లో జరగలేదు. "పన్ను పెరిగిందని నిలదీద్దామంటే కౌన్సిలరే లేడు బావగారూ" అంటాడు. అతని గోడు నాకు సబబుగానే తోస్తుంది.

ఎదురింటి లెక్క ఎలా అడగాలి

మున్సిపల్ శాఖ వెబ్‌సైటులో డోర్ నంబరు గానీ యజమాని పేరు గానీ కొడితే పన్ను బకాయిలు కనిపిస్తాయి. పిల్లలని అడిగితే రెండు నిమిషాల్లో తీసిస్తారు. మీ ఇంటితో పోలే రెండు మూడు ఇళ్లు చూసుకుంటే మీకు పడింది సబబా కాదా అర్థమవుతుంది.

కానీ దీనితో జాగ్రత్త. 'ఎదురింటోడు మూడంతస్తులు కట్టి పెంకుటిల్లు పన్నే కడుతున్నాడు' అని సంతకం లేకుండా ఉత్తరం రాసేవాళ్లున్నారు. నా సర్వీసులో వచ్చిన ఆకాశరామన్న ఉత్తరాలు ఎక్కువ భాగం పన్ను గురించి కాదు, గోడ సరిహద్దు గురించో ఆగిపోయిన పెళ్లి సంబంధం గురించో. అలాంటి ఉత్తరం మీద కొలవడానికి వెళ్తే రాసినవాడి ఇంట్లోనే కొలతలు తప్పు తేలిన సందర్భాలూ ఉన్నాయి. నలుగురూ కలిసి, సంతకాలతో, "మా వీధి మొత్తం తిరిగి కొలవండి" అని అడగండి. అందులో మీ ఇల్లు కూడా ఉంటుంది. అందుకు సిద్ధపడ్డవాళ్లే సంతకం పెడతారు, మిగతావాళ్లు మెల్లగా టీ తాగి వెళ్లిపోతారు.

అద్దెకున్నవాళ్ల సంగతి ఒక ముక్క. చట్టం ముందు అడిగేది యజమానినే. అద్దె ఒప్పుకునే రోజే పన్ను అద్దెలో కలిసిందా, విడిగానా అని కాగితం మీద రాయించుకోండి. పెంపు వచ్చాక మాట్లాడుకుందాం అంటే ఆ మాటలు తగాదాతోనే ముగుస్తాయి.

"మేం కడుతున్నాం, వాళ్లు తింటున్నారు"

అరుగు మీద కచేరీ ఎప్పుడూ ఇక్కడికే వస్తుంది. మా వీధిలో రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకాయన. మంచి మనిషి, కానీ "మా ట్యాక్సులతోనే కదండీ ఊరంతా బతుకుతోంది" అనేది ఆయన రోజువారీ పాట. పోయినేడు ఒక ఆదివారం ఆయన, పాలు పోసే అతను, ఆకుకూరలమ్మే అప్ప (మా వైపు అక్కని అలా అంటాం) ముగ్గురూ ఒకేసారి అరుగు దగ్గర దొరికారు. నోటు పుస్తకం తెచ్చి ముగ్గురి లెక్కా రాశాను. మీ వీధిలో ఈ మాట వస్తే మీరూ ఇదే చేయండి. వాదించకండి, పెన్ను తీయండి.

హెడ్మాస్టారి మేడకి ఇంటి పన్ను ఏడాదికి 4,200. అప్పకి సొంతిల్లు లేదు, ఇంటి పన్ను సున్నా. ఆయన నవ్వాడు. అప్పుడు అప్పని ఆశీలు ఎంతని అడిగాను. బుట్ట దించితే రోజుకి ఇరవై. నెలకి పాతిక రోజులు వస్తుంది. ఏడాదికి ఆరు వేలు. ఆశీలు అంటే సంతలో, రోడ్డు పక్క అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము. వసూలు హక్కుని వేలం పాట పెట్టి కాంట్రాక్టరుకి ఇస్తారు. కట్టే మనిషి మాత్రం ఏ లెక్కలోనూ పన్ను కట్టేవాళ్ల కింద కనిపించదు. హెడ్మాస్టారు కళ్లజోడు తుడుచుకుని లెక్క రెండోసారి వేయించాడు. ఆరు వేలే వచ్చింది.

"నాను టేక్సు కడతన్నానేటి బాబూ?" అని అప్ప నన్నే అడిగింది.

ఆశీలుకి చేయాల్సిన పని ఒకటుంది. రేట్లు బోర్డు మీద రాసి పెట్టాలని, ఇచ్చిన డబ్బుకి రసీదు కావాలని అడగడం. ఒక్కర్తే అడిగితే మర్నాడు ఆ చోట బుట్ట దించనివ్వరు. పదిమంది కలిసి అడగాలి, వీలైతే పక్క కొట్లవాళ్లు తోడు నిలబడాలి.

పాలతని లెక్కలో పెద్దది పెట్రోలు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కేంద్రం వేసే ఎక్సైజు దీనికి వేరే. రోజూ లీటరు కొట్టించే మనిషి అతను. ఇచ్ఛాపురం అయితే సరిహద్దు దాటి ఒడిశా బంకులో కొట్టించుకోవచ్చు, అక్కడివాళ్లు చేసే పని అదే. గంటస్తంభం దగ్గర పాలు పోసేవాడికి ఆ వీలు లేదు. ఇక సబ్బుకి ముగ్గురూ ఒకే పన్ను కట్టారు. 2025 సెప్టెంబర్ 21 దాకా 18 శాతం, ఆ తర్వాత 5.

ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. జీతగాడి దగ్గర ఆదాయపు పన్ను చేతికి రాకముందే కోస్తారు, దాచుకునే సందు లేదు. ఆ బాధ నిజం. వృత్తి పన్ను చూడండి. నెలకి 20 వేలు దాటిన ఎవరికైనా 200 రూపాయలే. పాతిక వేల జీతం ఉన్న కొత్త టీచరు కట్టేదీ రెండు వందలే, ఐదు లక్షలు తీసుకునేవాడు కట్టేదీ రెండు వందలే. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలోనే ఉంది. హెడ్మాస్టారికి కోపం రావాల్సింది ఇలాంటి చోట అని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోలేదు. కానీ ఆ పాట ఇప్పుడు అప్ప ఉన్నప్పుడు పాడడం లేదు.

కొత్త పన్ను వస్తోందని తెలిస్తే

చెత్త పన్ను అందరికీ గుర్తుండే ఉంటుంది. 2021 గాంధీ జయంతికి చెత్త బండ్లు బయల్దేరాయి, నెల నెలా రుసుము మొదలైంది. 2024 గాంధీ జయంతి రోజున మచిలీపట్నంలో రద్దు ప్రకటించారు, తర్వాత అసెంబ్లీలో చట్టం సవరించారు. ముప్పై రెండేళ్లు గడప బయట నిలబడ్డ నేను మొదటిసారి గడప లోపల నిలబడ్డాను. సచివాలయం నుంచి ఓ చిన్న పిల్ల, మా మనవరాలి వయసు, మెషిన్ పట్టుకుని వచ్చింది. నేనూ అందరిలాగే, "మొన్న బండి రాలేదు కదమ్మా" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను. ఆ మాట నా సర్వీసులో వేలసార్లు విన్నాను, కుళాయి గురించి, వీధి దీపం గురించి.

ఆ పన్ను ఎందుకంత చేదైందని ఆలోచిస్తే, నాకు తోచింది డబ్బు కాదు. ఒంటరి ముసలమ్మకీ ఎనిమిది మందున్న ఇంటికీ ఒకే మొత్తం. ఇంటి పన్నులో పారిశుద్ధ్యానికి ముందే కడుతున్నాం కదా అంటే జవాబు లేదు. వీధి చివరి పూరిల్లు కట్టాలి, వీధి మొదట్లో రోజూ బండెడు చెత్త పోసే ఫంక్షన్ హాలు ఎంత కడుతుందో ఎవరికీ తెలియదు. ఇదంతా ఆ మెషిన్ పట్టుకున్న పిల్ల మీద పడేది. పన్ను వేసినవాళ్లెవరూ గడప దగ్గరికి రారు.

కాబట్టి ఇంకేదైనా కొత్త రుసుము మీ కాలనీకి వస్తోందంటే, వసూలుకి వచ్చినవాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. తీర్మానం కాపీ అడగండి. ఏ లెక్కన వేశారు, ఎవరికి మినహాయింపు ఉంది, ఇదే పనికి ఇప్పటికే కడుతున్నది ఏమవుతుంది, పెద్ద కొట్లు, హాళ్లు ఎంత కడతాయి: ఈ నాలుగూ రాసి ఇచ్చి జవాబు కూడా రాతలోనే అడగండి. నాలుగో దానికి జవాబు తెప్పించగలిగితే మిగతా మూడూ వాటంతటవే వస్తాయి.

అసలు కట్టకపోతే ఏమవుతుంది అని కుర్రాళ్లు అడుగుతారు. కట్టం అని ఊరు మొత్తం నిలబడ్డ కథ మన తెలుగువాళ్లకి ఉంది. చీరాల, పేరాలని మున్సిపాలిటీ చేస్తే ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలైంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఇక మా ఊరి రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బకాయిల గొడవ ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధంలో ప్రాణాలు వదిలాడు. అవి వేరే సంగతులు. మీరు ఒక్కరే మౌనంగా కట్టకుండా కూర్చుంటే దాన్ని ఎవరూ ఉద్యమం అనరు, బకాయి అంటారు. దాని మీద నెలకి 2 శాతం వడ్డీ. 2025 మార్చిలో ఇచ్చినట్టు అప్పుడప్పుడు వడ్డీలో సగం మాఫీ ఇస్తారు. అది చూసి టంచనుగా కట్టినవాళ్లు మా అరుగు మీదకొచ్చి, "మేం పిచ్చోళ్లమా?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాకూ ఆ మాఫీలు నచ్చవు.

అర్జీ పెట్టినా సరే, ఒప్పుకున్నంత మేరకు కట్టేయండి. అర్జీ పరిశీలనలో ఉందని వడ్డీ ఆగదు. ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు ఉంది. ఆఖరి రెండు రోజులు సర్వర్ నత్తలా నడుస్తుంది, ఇరవయ్యో తారీకుకే కానిచ్చేయండి. వాట్సాప్‌లో ప్రభుత్వం నడిపే 'మన మిత్ర' సేవ ద్వారా కట్టొచ్చు. కట్టిన రసీదు ఫోన్లో ఉంది కదా అనుకోకుండా ఒక ప్రింటు తీసి ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టండి. ఫోన్లు మారతాయి.

టేపు లేనివాళ్లు మా ఇంటికి రండి. ఆదివారం పొద్దున్న తొమ్మిది దాటాక ఇస్తాను, సాయంత్రానికి తెచ్చి ఇవ్వాలి. పోయినేడు తీసుకెళ్లినది ఒకటి ఇంకా రాలేదు.